మీ సరుకు ఏ రేవులో ఎక్కాలి? నెల్లూరు, ప్రకాశం ఎగుమతి, దిగుమతిదారులకు ఒక పోలిక

ప్రపంచ బ్యాంకు వేసే కంటైనర్ రేవుల పనితీరు సూచీలో 2023 సంవత్సరానికి కృష్ణపట్నానిది 71వ స్థానం, చెన్నైది 80. అంటే మన రేవే మెరుగని లెక్క. తమాషా ఏమిటంటే, ఆ జాబితా 2024లో బయటికొచ్చేసరికే కృష్ణపట్నం రావలసిన కంటైనర్ సర్వీసులు చెన్నైకి ఉత్తరాన ఉన్న కాట్టుపల్లి, ఎన్నూరు రేవుల దారి పట్టాయి. రేవు బాగా పనిచేయడం వేరు, మన సరుకు అక్కడ ఎక్కడం వేరు.

చీమకుర్తి గ్రానైట్, నెల్లూరు రొయ్య, ఒంగోలు-కందుకూరు పొగాకు, బియ్యం, దిగుమతి బొగ్గు, ఎరువులు. ఈ రెండు జిల్లాల సరుకు ఒకే రకం కాదు కాబట్టి అందరికీ సరిపోయే రేవు ఒకటి లేదు. ప్రైవేటు చేతికిచ్చాక రేవుల సామర్థ్యం పెరిగిందని చెప్పే అంకెలు చాలావరకు నిజమే. అయితే అవి ఓడ గడియారం చూసి చెప్పినవి. మీ గోడౌన్ గేటు దగ్గర మొదలయ్యే గడియారం వాటిలో ఉండదు.

ఏ అంకె ఏం చెబుతుంది

రేవులు ముందుగా చూపించేది టర్న్‌అరౌండ్ టైమ్, అంటే ఓడ వచ్చి తిరిగి వెళ్లడానికి పట్టిన సమయం. ఇక్కడే మొదటి మెలిక. లంగరు వేసిన క్షణం నుంచి కొలిచారా, బెర్తు (ఓడను కట్టి సరుకు ఎక్కించే, దింపే చోటు) పట్టినప్పటి నుంచా? బెర్తుకు ముందు బయట కాచుకున్న సమయాన్ని విడిగా లెక్కిస్తారు. అందులోనూ "రేవు ఖాతా" ఆలస్యమని, ఓడ ఖాతా ఆలస్యమని విడగొడతారు. కాగితాలు అందక ఆగిన ఓడ రేవు ఖాతాలోకి రాదు. సరుకు యజమానికి మాత్రం రోజు రోజే.

రెండోది క్రేన్ వేగం. 2023 సూచీలో విశాఖ 19వ స్థానానికి ఎగబాకినప్పుడు చెప్పిన అంకెలు ఇవి: క్రేన్‌కు గంటకు 27.5 కదలికలు (ఒక కంటైనర్ ఎక్కిస్తేనో దింపితేనో ఒక కదలిక), టర్న్‌అరౌండ్ 21.4 గంటలు, బెర్తు మీద ఊరికే గడిచిన సమయం 13 శాతం. మంచి అంకెలే. కానీ ఒక ఓడ మీద 1,000 కదలికలు ఉన్నాయనుకోండి. గంటకు 27.5 చొప్పున మూడు క్రేన్లు పెడితే 12 గంటల్లో అయిపోతుంది. గంటకు 30 తీసే మెరుగైన క్రేన్లు రెండే పెడితే దాదాపు 17 గంటలు. క్రేన్ వేగం ఎక్కువ, ఓడ మాత్రం ఆలస్యం. అందుకే "గంటకు ఎన్ని కదలికలు" అని అడిగితే సరిపోదు, "నా సర్వీసు ఓడకు ఎన్ని క్రేన్లు పెడుతున్నారు" అని కూడా అడగాలి.

మూడోది బెర్తుకు రోజుకు ఎన్ని టన్నులన్న సగటు. అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది ఇదే. లక్షన్నర టన్నుల బొగ్గు ఓడను దింపే రేవులో ఆ సగటు సహజంగానే ఆకాశంలో ఉంటుంది. ఆ రేవులో మీ గ్రానైట్ బ్లాకు స్లింగు వేసుకుని ఎంతసేపట్లో పైకి లేస్తుందో అది చెప్పదు. మీ సరుకు రకానికి విడిగా అంకె ఇవ్వమని అడగండి. ఇవ్వలేకపోతే ఆ సగటును పక్కన పెట్టండి.

ఇక ఎవరూ పెద్దగా ప్రకటించనిది బెర్తు ఎంత శాతం నిండి ఉందన్న లెక్క. దాని సంగతి బొగ్గు దగ్గర వస్తుంది.

రేవు ఎవరిది, కౌలు ఎలాంటిది

ఇది లాయర్ల విషయమని వదిలేయకండి. ఒప్పందం తీరును బట్టే మీకు బేరం ఎక్కడ కుదురుతుందో, ఎక్కడ కుదరదో తెలుస్తుంది.

చెన్నై, విశాఖ, ఎన్నూరులోని కామరాజర్ కేంద్రం చేతిలోని ప్రధాన రేవులు. కాలువ, పైలట్, భూమి రేవు అథారిటీవి. క్రేన్లు, యార్డు, మనుషులు లోపలి టెర్మినల్ కంపెనీవి. చెన్నైలో మొదటి కంటైనర్ టెర్మినల్ 2001లో ప్రైవేటు చేతికి వెళ్లింది, రాబడిలో 37.128 శాతం రేవుకు కట్టే షరతు మీద. 2009లో మొదలైన రెండో టెర్మినల్ వాటా 45.801 శాతం. మన పొలం భాషలో చెప్పాలంటే దాదాపు సంగోరు. ఎక్కువ వాటా పాడినవాడికే టెర్మినల్ దక్కే వేలంలో ఇలాగే జరుగుతుంది. ఛార్జీలేమో 1997లో ఏర్పడిన టారిఫ్ అథారిటీ నిర్ణయించేది, 2021 ప్రధాన రేవుల చట్టం వచ్చాక ఆ అథారిటీ రద్దయింది. సరుకుదారుకు దీని అర్థం ఒకటే: వందలో 46 రూపాయలు ముందే పోయే చోట టెర్మినల్ ఛార్జీలో తగ్గింపు కోసం గంటలు గంటలు బేరమాడి లాభం లేదు. ఉచిత నిల్వ రోజులు, రీఫర్ (సరుకును చల్లగా ఉంచే కంటైనర్) ప్లగ్ గంటలు, గేటు సమయం, బేరం పెట్టాల్సింది వీటి మీద.

తూత్తుకుడి కథ ఇంకో రకం. అక్కడ 1998 లైసెన్సులో రాబడి వాటా కాకుండా కంటైనర్‌కు ఇంతని, అదీ ఏటా పెరిగే రాయల్టీ రాసుకున్నారు. ఛార్జీ పెంచుకునే వీల్లేక రాయల్టీ మాత్రం పెరుగుతుంటే ఏమవుతుందో ఊహించొచ్చు. వివాదం ఆర్బిట్రేషన్ (మధ్యవర్తుల విచారణ) దాటి సుప్రీంకోర్టుకు వెళ్లింది. రాయల్టీని రాబడి వాటాగా మార్చిన మధ్యవర్తుల తీర్పును 2021లో కోర్టు కొట్టేసింది. రాసుకున్నది రాసుకున్నట్టే కట్టాలంది. 2018 తర్వాతి నమూనా ఒప్పందాల్లో మళ్లీ టన్నుకింత, కంటైనర్‌కింత అనే రాయల్టీకే వచ్చారు, కాకపోతే దాన్ని టోకు ధరల సూచీకి ముడిపెట్టారు. బస్తాకింతని కట్టే కౌలులో కౌలుదారుకు బస్తాలు పెంచుకోవాలన్న ఆశ ఉంటుంది. సగం పంట ఇచ్చే కౌలులో పెట్టుబడి పెట్టాలంటే చెయ్యి వెనక్కి లాగుతుంది. క్రేన్ ఎప్పుడు కొంటారు, యార్డు ఎప్పుడు పెంచుతారు అన్నవి ఇక్కడే తేలతాయి.

రెండో తరహా కృష్ణపట్నం. రేవు మొత్తాన్ని రాష్ట్రం ఒకే కంపెనీకి అప్పగించింది. 2008 జులైలో పని మొదలైంది. 30 ఏళ్ల గడువు, పొడిగించుకునే వీలుంది. రాష్ట్రానికి వాటా మొదటి 30 ఏళ్లు స్థూల రాబడిలో 2.6 శాతమే. పక్కనే చెన్నైలో 45.801 శాతమని గుర్తుంచుకుంటే తేడా తెలుస్తుంది. అయితే అక్కడ తయారైన రేవులో టెర్మినల్ పెట్టారు, ఇక్కడ బకింగ్‌హాం కాలువ పక్కన ఉప్పునేల మీద అలకట్ట (అలలను ఆపే గట్టు) నుంచి బెర్తు దాకా అంతా కంపెనీయే కట్టుకోవాలి. 2020లో అదానీ పోర్ట్స్ 75 శాతం కొని, 2021లో మిగతా పాతికా తీసుకుంది. ప్రధాన రేవు కాదు కాబట్టి ఛార్జీలు మొదటి నుంచీ కంపెనీ ఇష్టమే. ఇక్కడ బేరానికి చోటుంది. ఏడాదికి ఇన్ని టన్నులు తెస్తానని రాసిస్తే ధర కదులుతుంది.

ఇబ్బంది ఇంకోవైపు. కాట్టుపల్లి రేవు, ఎన్నూరులోని కంటైనర్ టెర్మినల్, కృష్ణపట్నం, మూడూ ఒకే గ్రూపు చేతిలో ఉన్నాయి. మూడు చోట్ల సగం సగం నిండిన ఓడలు ఆపడం కంటే ఒకచోట నిండు ఓడ ఆపితే క్రేన్లకు పని దొరుకుతుంది, లైన్లకు (ఓడలు నడిపే కంపెనీలకు) ఖర్చు తగ్గుతుంది. గ్రూపు పుస్తకాల్లో అది సామర్థ్యమే. కాకపోతే ఆదా ఓడ పక్కన పడింది, అదనపు 150 కి.మీ. ట్రైలర్ బాడుగ సరుకుదారు పక్కన పడింది. ప్రైవేటు అంటేనే తప్పనో, ప్రభుత్వమంటే ఒప్పనో కాదు. ఒప్పందంలో ఫలానా రకం సరుకుకు సేవ ఆపకూడదన్న షరతుందా, పక్కనే వేరే యజమాని రేవుందా అన్నదే అసలు ప్రశ్న. పోటీ లేని చోట సామర్థ్యం పెరిగినా దాని ఫలం మన దాకా రాదు.

కాకినాడ మూడో రకం. ప్రభుత్వం కట్టిన లోతు నీటి బెర్తులను 1999లో నడపడానికి ప్రైవేటుకిచ్చారు. పక్కనే యాంకరేజ్ రేవు (ఓడ ఒడ్డుకు రాకుండా సముద్రంలోనే లంగరేసి ఉండేది) విడిగా రాష్ట్రం చేతిలో ఉంది. నాలుగో రకం రామాయపట్నం, దాని సంగతి చివర్లో.

గ్రానైట్: ముందు ఖాళీ డబ్బా (కంటైనర్) ఎక్కడుందో అడగండి

చీమకుర్తి బ్లాకు ఒకటి చూద్దాం. పొడవు 2.8 మీటర్లు, వెడల్పు 1.8, ఎత్తు 1.6. ఘనపరిమాణం 8 ఘనపు మీటర్ల పైచిలుకు. బ్లాక్ గెలాక్సీ రాయి ఘనపు మీటరుకు 3 టన్నులకు కాస్త తక్కువ తూగుతుంది కాబట్టి బ్లాకు దాదాపు 24 టన్నులు. 20 అడుగుల డబ్బాలో 28 టన్నులకు అటూ ఇటూ పెట్టొచ్చు. డబ్బాలో ముప్పావు భాగం గాలే ఉంటుంది, బరువు మాత్రం నిండిపోతుంది. కాబట్టి గ్రానైట్‌కు చోటు సమస్య కాదు. రోడ్డు మీద ఈడ్చే ప్రతి కిలోమీటరూ ఖర్చే.

చీమకుర్తి నుంచి చెన్నై రేవులు 300 కి.మీ. పైన. కృష్ణపట్నం 160 పైచిలుకు. కంటైనర్ ఓడ కృష్ణపట్నం వస్తే బాడుగ సగమవుతుందని అందరూ అనుకుంటారు. అవదు. ఎందుకంటే ఖాళీ డబ్బా ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నది లెక్కలో చేరలేదు. కంటైనర్లలో దిగుమతయ్యే సరుకు ఎక్కువగా చెన్నై పరిసరాల్లో ఖాళీ అవుతుంది, డిపోలు కూడా అక్కడే. ట్రైలర్ చెన్నై నుంచి ఖాళీ డబ్బాతో 310 కి.మీ. వచ్చి, నింపుకుని కృష్ణపట్నానికి 165 వెళ్తే మొత్తం 475. నింపుకుని తిరిగి చెన్నైకే వెళ్తే 620. తేడా 145 కి.మీ., అంటే పావు వంతు కంటే తక్కువ. అదే ఖాళీ డబ్బా కృష్ణపట్నం యార్డులోనే దొరికితే రానూ పోనూ 330, అప్పుడు నిజంగానే సగం. కంటైనర్ సర్వీసు మళ్లీ వస్తుందని ఎవరైనా చెబితే మొదటి ప్రశ్న "ఏ ఓడ" అని కాదు, "ఏ లైను ఖాళీ డబ్బాలు అక్కడ పెడుతోంది" అని. దిగుమతి పెట్టెలు లేని రేవులో ఎగుమతి పెట్టె నిలవదు. కృష్ణపట్నం చుట్టూ దిగే సరుకు ప్రధానంగా బొగ్గు, ముడి వంటనూనె, ఎరువులు. వీటిలో ఏదీ డబ్బాలో రాదు.

చెన్నైకా, కాట్టుపల్లికా అన్న ఎంపికలో మన దిక్కు నుంచి వెళ్లే ట్రైలర్‌కు ఉత్తరాన ఉన్న కాట్టుపల్లి, ఎన్నూరే సుళువు. పట్టణంలోకి దూరక్కర్లేదు. చెన్నై రేవు గేట్ల ముందు ట్రైలర్ల వరస ఈనాటిది కాదు. డ్రైవర్ ఒక రాత్రి అక్కడే కూర్చుంటే హాల్టింగ్ ఛార్జీ మీదే. అయితే చెన్నైలో లైన్లు ఎక్కువ, వారానికి ఓడలు ఎక్కువ, ఒకటి తప్పితే ఇంకొకటి దొరుకుతుంది. గ్రానైట్ వాళ్లకు ఆ సౌకర్యం అంత విలువైనది కాదు. పది లక్షల రూపాయల డబ్బాకు 12 శాతం వడ్డీ వేసుకున్నా రోజుకు 329 రూపాయలే. రెండు రోజులు ఆగినా ఫరవాలేదు, తక్కువ బాడుగ చూసుకోండి.

విశాఖ అంకెలు ఎంత ముచ్చటగా ఉన్నా ఒంగోలు నుంచి దాదాపు 500 కి.మీ. 24 టన్నుల రాయికి అది దారి కాదు.

డబ్బాలో బ్లాకు పెట్టేటప్పుడు జరిగే తప్పులు దాదాపు ఎప్పుడూ ఒకటే. బ్లాకును నేరుగా అడుగు చెక్కల మీద దింపేస్తారు. మూడు మీటర్లు కూడా లేని స్థలంలో 24 టన్నులు పడితే కింది అడ్డ కమ్ములు వంగుతాయి. డబ్బా తిరిగిచ్చేటప్పుడు ఆ రిపేరు బిల్లు మీకే వస్తుంది. పొడవాటి కొయ్య దూలాలు డబ్బా పొడవునా వేసి, వాటి మీద బ్లాకును సరిగ్గా మధ్యలో ఉంచాలి. నాలుగు వైపులా దిమ్మెలు కొట్టి కదలకుండా బిగించాలి. ముందుకో వెనక్కో జరిగితే ట్రైలర్ ఒక ఇరుసు మీద బరువెక్కుతుంది, క్రేన్ ఎత్తినప్పుడు డబ్బా ఒరుగుతుంది. 2016 జులై 1 నుంచి తూకం ధ్రువీకరణ లేని డబ్బాను ఓడెక్కించరు. క్వారీలో కొలతలతో వేసిన బరువు, కాటా బరువు కలవకపోతే గేటు దగ్గరే ఆగిపోతుంది. డబ్బాతో సహా కాటా వేయించిన చీటీయే పంపండి.

డబ్బా లేకుండా బ్లాకులను విడిగా ఓడలో వేసే పద్ధతికి కృష్ణపట్నమే మన రేవు. ఓడ నిండేంత సరుకు పోగయ్యేదాకా బ్లాకులు యార్డులో పడుంటాయి. ఉచిత రోజులు ఎన్నో రాతపూర్వకంగా తీసుకోవాలి. స్లింగు తాడు కొరికి మూల పగిలితే పూచీ ఎవరిదో ముందే తేల్చుకోండి. ఎక్కించే ముందు ప్రతి బ్లాకు నాలుగు మూలలూ ఫొటో తీయించడం చవకైన బీమా.

రొయ్య: బాడుగ కాదు, కటాఫ్ చూడండి

గ్రానైట్ లెక్క తిరగేస్తే రొయ్య లెక్క. కోటి రూపాయల రొయ్యలున్న 40 అడుగుల రీఫర్‌కు 12 శాతం వడ్డీ రోజుకు 3,288 రూపాయలు. కటాఫ్ (ఆ ఓడకు రేవు గేటు డబ్బా తీసుకునే ఆఖరి గడువు) దాటి, ఓడ తప్పి వారం ఆగితే వడ్డీ ఒక్కటే 23 వేలు, పైన ప్లగ్ ఛార్జీ, కొనుగోలుదారు నస. నెల్లూరు నుంచి చెన్నై 175 కి.మీ., అందులో పది, ఇరవై కిలోమీటర్లు మిగుల్చుకోవడం కోసం సర్వీసులు తక్కువున్న టెర్మినల్‌కు వెళ్లొద్దు. రొయ్యకు ఒకే వారంలో రెండు మూడు ఓడలు దొరికే రేవే మేలు, టెర్మినల్ ఛార్జీ నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే.

ఇంకోటి చూడాలి. నేరుగా వెళ్లే ఓడా, కొలంబోలోనో సింగపూర్‌లోనో మారేదా? మారే చోట రీఫర్ ప్లగ్ నుంచి ఊడి మళ్లీ తగులుతుంది, మదర్ వెస్సెల్ (దూర ప్రయాణపు పెద్ద ఓడ) తప్పితే అక్కడే కూర్చుంటుంది. ప్రయాణ రోజులు తక్కువగా రాసిన కొటేషన్లో మార్పిడి రేవులో ఎన్ని రోజుల గ్యాప్ వేశారో అడగండి. రెండు రోజుల గ్యాప్ అంటే చూడ్డానికి బాగుంటుంది, వాయుగుండం వచ్చిన అక్టోబరు, నవంబరుల్లో అది తెగుతుంది.

ప్లాంటులో చేసే తప్పు కూడా ఒకటుంది. రీఫర్ గడ్డకట్టించే యంత్రం కాదు, గడ్డకట్టిన సరుకును అలాగే ఉంచే యంత్రం. మైనస్ 18కి దిగని కార్టన్లు లోపల పెట్టి రేవుకు పంపితే దారిలో చల్లబడతాయనుకోవడం భ్రమ. ఎర్ర గీత దాటి పైదాకా పేర్చినా, నేల గాడుల చివర దాటి తలుపుకు ఆనించి పేర్చినా గాలి తిరగదు. తలుపు దగ్గరి వరస మెత్తబడుతుంది, నింద రేవు మీదికి పోతుంది. ప్రయాణంలో జెన్‌సెట్ (దారిలో రీఫర్‌కు కరెంటిచ్చే జనరేటర్) ఆగిందా అన్నది డేటా లాగర్ (ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం) చెబుతుంది. ఖాళీ డబ్బా తీసుకునేటప్పుడే ముందస్తు పరీక్ష చీటీ అడగాలి.

పొగాకు, బియ్యం

పొగాకు తేలిక సరుకు, 200 కిలోల కార్టన్లు 40 అడుగుల పొడవు, కాస్త ఎక్కువ ఎత్తు ఉన్న డబ్బా నిండా పేర్చినా 20 టన్నులు దాటవు. తడి, పురుగు, వాసన తప్ప దానికి వేరే శత్రువు లేదు. ఇంతకు ముందు తోలో రసాయనమో మోసిన డబ్బా వద్దని బుకింగ్‌లోనే రాయించండి. రేవు ఎంపిక కొనుగోలుదారు లైనును బట్టి నడుస్తుంది, మీ చేతిలో ఉండేది తక్కువ.

బియ్యం బస్తాల్లో పెద్ద ఓడకు పోతే అందరి నోటా కాకినాడే. ఒంగోలు నుంచి సుమారు 350 కి.మీ. యాంకరేజ్‌లో బార్జీ మీద తీసుకెళ్లి ఓడెక్కిస్తారు, చవక. సముద్రం కాస్త అలజడిగా ఉన్నా బార్జీ ఓడ పక్కన నిలవదు, పని ఆగుతుంది. లోతు నీటి బెర్తులో ఆ బాధ లేదు, వాన బాధ మాత్రం రెండు చోట్లా ఉంటుంది. నెల్లూరు బియ్యం ఓడ నిండేంత ఉంటే కృష్ణపట్నం కొటేషన్ తప్పక తీసుకోండి. రోడ్డు మీద మిగిలే డబ్బు తరచుగా రేవు ఛార్జీలోని తేడాను మింగేస్తుంది. ఓడ అద్దె ఒప్పందంలో వాన రోజులు లెక్కలోకి వస్తాయో రావో చూడకుండా ఈశాన్య రుతుపవనాల కాలంలో బియ్యం ఓడ పెట్టుకోవద్దు.

బొగ్గు, ఎరువులు: ఇక్కడ కృష్ణపట్నానికి ఎదురు లేదు

చెన్నై రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం 2011 అక్టోబరులో ఆగిపోయాయి, దుమ్ము మీద మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పుతో. ఆ సరుకు ఎన్నూరు, కృష్ణపట్నం వైపు కదిలింది. కృష్ణపట్నంలో లోతు దాదాపు 18 మీటర్లు, కేప్‌సైజ్ అనే భారీ ఓడ వస్తుంది. పక్కనే నేలటూరు థర్మల్ కేంద్రం ఉంది. వెంకటాచలం రైలు జంక్షన్, 2019లో పూర్తయిన ఓబులవారిపల్లె లైను వల్ల రాయలసీమ వైపు దారి తగ్గింది.

ఇక్కడ టన్ను ఛార్జీ కంటే దింపే వేగం చూడాలి. 75,000 టన్నుల ఓడను రోజుకు 20,000 చొప్పున దింపితే మూడు ముప్పావు రోజులు, 10,000 చొప్పున అయితే ఏడున్నర. ఓడ ఆలస్య రుసుము రోజుకు 15,000 డాలర్లని ఉదాహరణకు వేసుకుంటే తేడా 56,250 డాలర్లు, టన్నుకు ముప్పావు డాలరు. డాలరు 85 రూపాయలైతే టన్నుకు 64 రూపాయలు. మెల్లగా దింపే రేవు టన్నుకు 40 రూపాయలు తగ్గించి ఇచ్చినా మీకు నష్టమే.

ఇప్పుడు బెర్తు నిండుదనం. ఓడలు ఒక క్రమం లేకుండా వస్తాయని, ఒక్కో ఓడకు సగటున రెండు రోజుల పని అని అనుకుందాం. ఒకే బెర్తు ఉండి, అది 70 శాతం సమయం నిండి ఉంటే క్యూ లెక్క ప్రకారం బయట సగటున నాలుగున్నర రోజులకు పైనే కాచుకోవాలి. 80 శాతమైతే ఎనిమిది రోజులు. అదే 70 శాతం నిండుదనంతో నాలుగు బెర్తులను కలిపి వాడితే కాచుకునేది 17 గంటలే. రేవు మొత్తం ఒకరి చేతిలో ఉన్నప్పుడు సరుకుదారుకు దక్కే అసలు లాభం ఇది, ఏ బెర్తు ఖాళీ అయితే అందులోకి ఓడను తెస్తారు. ప్రధాన రేవుల్లో ఒక్కో బెర్తు ఒక్కో కంపెనీకి ముప్పై ఏళ్లకు రాసిచ్చేస్తే పక్క బెర్తు ఖాళీగా ఉన్నా మీ ఓడ బయటే ఉంటుంది. అయితే మొత్తం రేవులోనూ ఏదైనా కరెంటు కంపెనీకో ఉక్కు కంపెనీకో బెర్తులో మొదటి హక్కు రాసిచ్చి ఉంటే ఈ లాభం ఆవిరవుతుంది. చిన్న దిగుమతిదారులు ఒప్పందానికి ముందు అడగాల్సింది ఇదే: "నేను తెచ్చే ఓడ కంటే ముందు ఎవరికి హక్కుంది?"

దింపడంతో పనైపోదు. ఒక రైలు రేకు (ఒక పూర్తి గూడ్సు రైలు) దాదాపు 3,800 టన్నులు మోస్తుంది, 75,000 టన్నులకు ఇరవై రేకులు కావాలి. రోజుకు రెండే దొరికితే పది రోజుల సరుకు యార్డులో కుప్ప పడుతుంది. నిల్వ ఛార్జీ మొదలవుతుంది, కుప్పలో నిప్పు రాజుకునే ప్రమాదం కూడా ఉంది. దాన్ని చదును చేసి తొక్కించి గాలి ఆడకుండా చేయడం, తరచుగా తిరగేయకుండా ఉండటం యార్డు వాళ్ల పని. అయినా ఉష్ణోగ్రత రికార్డు మీరు అడిగి తీసుకోవాలి. ఓడ మునిగిన లోతును బట్టి లెక్కగట్టిన బరువు, కాటా బరువు ఎప్పుడూ సరిగ్గా కలవవు. ఎంత శాతం దాకా తరుగు ఎవరి ఖాతానో రాసుకోకపోతే ఆ గొడవ తెమలదు. ఎరువులకు తరుగు కన్నా తడి భయం ఎక్కువ. గోడౌన్ కప్పు చూడండి, టన్ను రేటు తర్వాత.

కొటేషన్ తీసుకునేటప్పుడు

రెండు రేవుల కొటేషన్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఎప్పుడూ ఒకటి చవకగా కనిపిస్తుంది, ఎందుకంటే అందులో కొన్ని ఖర్చుల పద్దులు రాయలేదు. సీహెచ్‌ఏ (కస్టమ్స్ పని చూసే ఏజెంటు) చేత ఒకే పట్టికలో రాయించండి: ఖాళీ డబ్బా తెచ్చే బాడుగ, నిండు డబ్బా బాడుగ, హాల్టింగ్ ఎన్ని గంటల తర్వాత, టెర్మినల్ హ్యాండ్లింగ్, గేటు, సీలు, బి/ఎల్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) ఫీజు, ఉచిత రోజులు, తర్వాత రోజుకెంత, సముద్రం మీద బాడుగ, సర్‌ఛార్జీలు. ఆఖరి వరసలో సరుకు విలువ మీద వడ్డీని రోజుల సంఖ్యతో గుణించి కలపండి. రొయ్యకు, రాయికి ఒకే రేవు ఎందుకు కుదరదో ఆ వరస చూస్తే తెలుస్తుంది.

షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే పత్రం) ఒక రేవు కోడ్‌తో వేసి, ఓడ మారిందని చివరి నిమిషంలో డబ్బాను ఇంకో రేవుకు తోలడం చాలా ఖరీదైన తప్పు. చెన్నై, కాట్టుపల్లి, ఎన్నూరు మ్యాపులో పక్కపక్కనే ఉన్నా కస్టమ్స్‌కు మూడూ వేర్వేరు కోడ్‌లు. సవరణ పూర్తయ్యేదాకా గేటులోకి రానివ్వరు, కటాఫ్ దాటిపోతుంది. మూడు టెర్మినళ్లకూ వెళ్లే లైను అయితే బుకింగ్ చీటీలో టెర్మినల్ పేరు కచ్చితంగా రాయించాకే బిల్లు వేయండి.

రామాయపట్నాన్ని ఎప్పుడు లెక్కలోకి తీసుకోవాలి

కందుకూరు, కావలి మధ్య కడుతున్న ఈ రేవుకు 2019 జనవరిలో ఒకసారి, 2022 జులైలో మరోసారి శంకుస్థాపన జరిగింది. అలకట్టలు, తవ్వకం, బెర్తుల ఖర్చు రాష్ట్రానిది, తొలి దశలో నాలుగు బెర్తులు. అంటే కృష్ణపట్నం తరహా కాదు, ప్రభుత్వం భూస్వామిగా ఉండే పద్ధతి. ఒంగోలు, కందుకూరు వాళ్లకు కృష్ణపట్నం కంటే దగ్గర. వేరే యజమాని చేతికి వెళ్తే మనకు మొదటిసారి పక్కపక్కన రెండు పోటీ రేవులు వస్తాయి. ఒకే చేతికి వెళ్తే రేవులు రెండున్నా బేరం ఒకటే.

కొనుగోలుదారుతో రాసుకునే ఒప్పందంలో ఆ రేవు పేరు చేర్చే ముందు నాలుగు కాగితాలు చూడాలి. కస్టమ్స్ చట్టం సెక్షన్ 7 కింద రేవుగా నోటిఫై చేసిన గెజిట్. తాజా లోతు సర్వే, అందులోనూ కాలువలో అన్నిటికంటే తక్కువ లోతున్న చోటి అంకె. రైలు దారి ప్రధాన లైనుకు కలిసిందన్న ధ్రువీకరణ. బెర్తు నడిపే కంపెనీ ముద్రించిన ఛార్జీల పుస్తకం. ఈ నాలుగిట్లో ఏది లేకపోయినా ఒప్పందంలో "కృష్ణపట్నం లేదా రామాయపట్నం, అమ్మకందారు ఎంపిక" అని రాయించుకోండి. ఎంపిక కొనుగోలుదారుకు వదిలేస్తే ఓడ రాని రేవుకు సరుకు చేర్చే బాధ్యత మీ మీద పడుతుంది.